నిబ్బరానికి వెల ఎవరు చెల్లిస్తున్నారు?

రాయలసీమ కథల మీద జరిగే సభల్లో తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: సీమ మనిషి మొండివాడు, ఎన్ని కరువులొచ్చినా తట్టుకుంటాడు. అనేవాళ్లు ఈ మాటను ప్రశంసగానే అంటారు. వినేవాళ్లు కూడా అలాగే తీసుకుని చప్పట్లు కొడతారు. కథకులకూ ఇది అలవాటైపోయింది. చేను ఎండుతుంది, బోరు అడుగంటుతుంది, ఎద్దులు సంతకు పోతాయి. చివరి పేరాలో మాత్రం ముసలి రైతు తొలకరి మబ్బు చూసి మళ్లీ నాగలి పడతాడు. పాఠకుడు నిట్టూర్చి, ఆ ముసలాయన గుండెనిబ్బరానికి ఒక నమస్కారం పెట్టి పుస్తకం మూసేస్తాడు. అప్పిచ్చినవాడికి గాని, నీళ్లు మళ్లించుకుపోయినవాడికి గాని ఆ నమస్కారం వల్ల వచ్చిన ఇబ్బంది ఏమీ లేదు.

ఈ పాత ప్రశంసకు ఇప్పుడొక శాస్త్రీయమైన పేరు దొరికింది. దాన్ని రెజిలియన్స్ అంటున్నారు. ఈ మాటను 1973లో జీవావరణ శాస్త్రజ్ఞుడు హోలింగ్ అడవులు, సరస్సుల వంటి వ్యవస్థలు దెబ్బ తిని కూడా తమ రూపం నిలుపుకునే తీరును వివరించడానికి వాడాడు. పిల్లల మనస్తత్వాన్ని పరిశీలించేవాళ్లు దాన్ని మరో దారిలో వాడుకుంటూ వచ్చారు. తర్వాత మేనేజిమెంటు పండితులు అందుకున్నారు. 2017 నాటికి సంస్థల రెజిలియన్స్‌కు ఒక అంతర్జాతీయ ప్రమాణపత్రం కూడా తయారైంది. అడవికి చెప్పిన మాట కంపెనీకి, కంపెనీకి చెప్పిన మాట కూలివాడికి వచ్చింది. ఈ ప్రయాణంలో ఒక ప్రశ్న మాత్రం జారిపోయింది. దెబ్బ తట్టుకోవడమంటే ఏదో ఒకటి ఖర్చుపెట్టడం. ఆ ఖర్చు ఎవరి ఖాతాలో పడుతోంది? కడప జిల్లా కథను చదివేటప్పుడూ రాసేటప్పుడూ మనం అడగవలసిన మొదటి ప్రశ్న ఇదేనని నా వాదన. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల జీవితాన్ని ముందు పెట్టుకుని, మనస్తత్వశాస్త్రంలోనూ మెదడు పరిశోధనల్లోనూ ఈ పది పదిహేనేళ్లలో తేలిన కొన్ని విషయాలను పక్కన పెట్టుకుని, ఈ ప్రశ్నను పరిశీలిస్తాను.

ప్రశంసకు జంటగా ఒక నింద కూడా వుంది. సీమ మనిషి రక్తంలోనే పగ వుందన్నది ఆ నింద. 1997లో 'ప్రేమించుకుందాం రా', 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చినప్పటినుంచీ తెలుగు సినిమా ఈ రక్తాన్ని అమ్ముకుంటూనే వుంది. పులివెందుల, జమ్మలమడుగు అనే పేర్లు వింటే చాలు, బయటి జిల్లాల ప్రేక్షకుడికి సుమోలూ వేటకొడవళ్లూ కనిపిస్తాయి. ఓర్పును పొగిడేవాడూ పగను తిట్టేవాడూ పైకి ఎదురెదురుగా నిలబడినట్టుంటారు గాని, ఇద్దరి తర్కమూ ఒక్కటే. చరిత్రలో తయారైనదాన్ని ఇద్దరూ మనిషి స్వభావంలోకి తోస్తున్నారు. నిజాం 1800లో ఈ జిల్లాలను కంపెనీకి ధారాదత్తం చేశాడు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన మన్రో 1807 దాకా ఇక్కడ వుండి పాళెగాళ్ల సైనిక బలాన్ని అణచి, శిస్తు వసూలు యంత్రాన్ని నిలబెట్టాడు. తర్వాతి కాలంలో గ్రామాధిపత్యం కోసం, ఆ తర్వాత కాంట్రాక్టుల కోసం, గనుల కోసం జరిగిన పోటీల్లో ముఠాలు పెరిగాయి. ఈ సంబంధాలను వదిలిపెట్టి రక్తాన్ని పరీక్షించే కళకు ఫ్యాక్షన్ అర్థం కాదు. అలాగే ఈ సంబంధాలను వదిలిపెట్టి గుండెను మెచ్చుకునే కథకు కరువూ అర్థం కాదు.

ఇక్కడ మన విమర్శ సంప్రదాయాన్ని కూడా కొంచెం నిలదీయాలి. సింహాద్రిపురం మండలం పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి 1968లో తాను నడిపిన పత్రికకు 'సంవేదన' అని పేరు పెట్టారు. కరువు జిల్లాలో కూర్చుని, మార్క్సిస్టుగా వుంటూ, పత్రికకు మనసుకు సంబంధించిన పేరు పెట్టడంలో ఒక సూచన వుంది. సమాజాన్ని పట్టించుకునే విమర్శ మనిషి లోపలి స్పందనను భావవాదులకు అప్పజెప్పనక్కరలేదన్నది ఆ సూచన అని నేను అనుకుంటాను. దాన్ని మనం పూర్తిగా అందుకోలేదు. తెలుగులో మనస్తత్వ నవల అనగానే గోపీచంద్ సీతారామారావునో, బుచ్చిబాబు దయానిధినో చెప్పుకుంటాం. ఇద్దరూ చదువుకున్నవాళ్లు, తీరిక వున్నవాళ్లు. రైతు కథలో, నేతగాడి కథలో మాత్రం ఆకలి, అప్పు, కోపం, తిరుగుబాటు — ఇవే వుంటాయి. అంటే మధ్యతరగతి పాత్రకు మనసు ఇచ్చాం, శ్రామిక పాత్రకు కడుపు ఇచ్చాం. ఈ పంపకం మనం చేసినదే. దీన్ని సవరించకుండా మన కథ వస్తువులో ఎంత అభ్యుదయం వున్నా పాత్రచిత్రణలో అసమానత మిగిలే వుంటుంది.

పరిశోధనలు ఇక్కడ ఉపయోగపడతాయి. 2013లో ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డర్ షఫీర్, జియాయింగ్ ఝావో కలిసి ఒక అధ్యయనం ప్రకటించారు. తమిళనాడులో 54 గ్రామాలకు చెందిన 464 మంది చిన్న చెరకు రైతులకు రెండుసార్లు పరీక్ష పెట్టారు — కోతకు ముందు చేతిలో డబ్బు లేనప్పుడు ఒకసారి, కోత తర్వాత డబ్బు చేతికొచ్చినప్పుడు ఇంకోసారి. బొమ్మల వరుసలో లోపించిన ముక్కను గుర్తించడం, ఒక సూచన మీద దృష్టి నిలిపి త్వరగా జవాబు చెప్పడం వంటివి ఆ పరీక్షలు. అదే రైతు కోతకు ముందు మందకొడిగా, తప్పులతో చేశాడు. కోత తర్వాత మెరుగ్గా చేశాడు. తిండిలో తేడా, శారీరక శ్రమలో తేడా ఈ ఫలితాన్ని వివరించలేవని పరిశోధకులు వాదించారు. చేతిలో డబ్బు లేనప్పుడు మనసులో కొంత భాగం ఎప్పుడూ లెక్కల్లోనే మునిగి వుంటుందని, మిగతా పనులకు మిగిలేది తక్కువని వాళ్ల వివరణ.

ఒక మిత్రుడు ఇక్కడ వెంటనే అభ్యంతరం చెప్పవచ్చు: పేదవాడి బుర్ర మందమని దొరలు ఎప్పుడూ అంటున్నదేగదా, దాన్నే శాస్త్రం పేరుతో మళ్లీ చెప్పడం కాదా ఇది? కాదు. పరీక్షించింది ఒక పేదవాణ్నీ ఒక ధనికుణ్నీ కాదు. ఒకే మనిషిని రెండు కాలాల్లో పరీక్షించారు. మందం మనిషిలో వుంటే కోత దాన్ని తీసెయ్యలేదు. మన పల్లెల్లో ఎరువుల కొట్టు ముందు నిలబడి లెక్క తప్పిన రైతును చూసి నవ్వే గుమాస్తాకు ఈ అధ్యయనం చెబుతున్నది ఇదే — నువ్వు చూస్తున్నది ఆ మనిషి తెలివిని కాదు, ఆ నెలలో అతని అప్పుని.

అయితే శాస్త్రం పేరు చెప్పగానే చేతులు కట్టుకోవడం కూడా మన పద్ధతి కాదు. మనస్తత్వశాస్త్రం ఈ కాలంలో తన ఇంటిని తానే సోదా చేసుకుంటోంది. 2015లో పరిశోధకుల బృందమొకటి వంద ప్రచురిత అధ్యయనాలను తిరిగి చేసి చూస్తే, మూడో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే ముందు చెప్పిన ఫలితాన్ని స్పష్టంగా ఇచ్చాయి. 2018లో పేరున్న రెండు పత్రికల్లో వచ్చిన 21 ప్రయోగాలను తిరిగి చేస్తే 13 నిలిచాయి. నిలవనివాటిలో లేమి మనసు మీద చూపే ప్రభావం గురించి షఫీర్, ముల్లైనాథన్ మరొకరితో కలిసి 2012లో ప్రకటించిన ప్రయోగమూ వుంది. పైగా ఈ శాస్త్రంలోని ఫలితాల్లో ఎక్కువ భాగం పాశ్చాత్య దేశాల విద్యార్థుల మీద తీసినవని, వాటిని మానవజాతి మొత్తానికి అంటగట్టడం సాహసమని జోసెఫ్ హెన్రిక్ బృందం 2010లోనే ఎత్తిచూపింది. కాబట్టి రచయిత ఈ అధ్యయనాల నుంచి అంకె తీసుకుని కథలో అతికించగూడదు. అవి ఎక్కడ చూడమంటున్నాయో అక్కడ చూసి, తన కళ్లతో సరిపోల్చుకోవాలి. ఒక అధ్యయనం రేపు వీగిపోవచ్చు. అది చూడమన్న చోట అప్పు మాత్రం వుంటుంది.

ప్రొద్దుటూరులో చూద్దాం. బంగారం అంగళ్లకూ బట్టల వ్యాపారానికీ పేరుపడ్డ ఊరు అది. ఆ వ్యాపారం వెనక, ఊళ్లోనూ చుట్టుపక్కలా మగ్గాలున్నాయి. మాస్టర్ వీవర్ దగ్గర నూలు తెచ్చుకుని, నేసి, చీర అప్పజెప్పి మజూరీ తీసుకునే నేతగాడి పని ఏమిటి? కాళ్లూ చేతులూ ఆడించడమేనని బయటివాళ్లు అనుకుంటారు. పడుగులో ఒక పోగు తెగితే తెగిన క్షణంలోనే గమనించి అతకాలి. గమనించకపోతే చీర మీద గీత పడుతుంది, మజూరీలో కోత పడుతుంది. అంటే అతని శ్రమలో సగం గమనించడమే. ఇప్పుడు ఆ గమనించే శక్తిలోంచి ఒక వాటాను రేపటి వాయిదా, కూతురి ఫీజు, ముసలమ్మ మందులు తినేస్తున్నాయనుకోండి. అప్పు అతని సంపాదనను తర్వాత తినడం అందరికీ కనిపిస్తుంది. సంపాదించే సాధనాన్నే ముందుగా తినడం కనిపించదు. ఆ కనిపించనిదాన్ని చూపడానికే కథ కావాలి. నేతగాడు బీదవాడని చెప్పే కథలు మనకు చాలా వచ్చాయి. తెగిన పోగు మీద కన్ను వుండగానే మనసు వాయిదా మీదికి జారి, మళ్లీ పోగు మీదికి రావడానికి ఎంత పెనుగులాడుతుందో చెప్పే కథ రావాలి.

సంస్థల నిబ్బరం అనే మాటకు అసలు అర్థం కూడా ఇక్కడే తేలుతుంది. మార్కెట్టు పడిపోతే మాస్టర్ వీవర్ నూలు ఇవ్వడం తగ్గిస్తాడు. అతను మగ్గాలకు అద్దె కట్టడం లేదు, నేతగాళ్లకు నెలజీతం ఇవ్వడం లేదు. కాబట్టి వ్యాపారాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు ముడుచుకోగలడు. అతని మీదా ఒత్తిళ్లుంటాయి, కాదనను. అయితే వ్యాపారం ముడుచుకున్న మేరకు మగ్గం ఆగుతుంది. మగ్గం వున్నది నేతగాడి ఇంట్లో. 2020 లాక్‌డౌనులో దేశమంతటా చేనేతలో జరిగింది ఇదే. సంస్థ పెళుసుదనాన్ని కిందికి బదిలీ చేసి, మిగిలినదానికి నిబ్బరమని పేరు పెట్టుకుంటుంది. మేనేజిమెంటు పుస్తకాల్లో ఈ గుణాన్ని మెచ్చుకునే అధ్యాయాలు చదివే మన విద్యార్థులు ఒక పని చెయ్యాలి. నిలబడిన సంస్థ పేరు పక్కన, అది నిలబడేందుకు కూలబడినవాళ్ల జాబితా కూడా అడగాలి.

కూలబడడం ఎప్పుడూ బయటికి కనిపించదని మెదడు, శరీర పరిశోధనలు చెబుతున్నాయి. 1993లో బ్రూస్ మెక్‌యువెన్, ఎలియట్ స్టెల్లర్ అలోస్టాటిక్ లోడ్ అనే భావనను ముందుకు తెచ్చారు. ఆపద వచ్చినప్పుడు మెదడు కొన్ని రసాయనాలు విడుదల చేయించి శరీరాన్ని సిద్ధం చేస్తుంది. ఆపద పోతే అవి తగ్గాలి. ఆపద ఏళ్ల తరబడి పోకపోతే, కాపాడవలసిన ఏర్పాటే గుండెనూ రక్తనాళాలనూ జ్ఞాపకానికి తోడ్పడే మెదడు భాగాలనూ అరగదీస్తుంది. అంటే ఓర్పు శరీరం చేసే అప్పు. 2015లో గ్రెగరీ మిల్లర్, జీన్ బ్రోడీ బృందం అమెరికాలోని జార్జియా రాష్ట్రపు పల్లెల్లో నల్లజాతి యువతీయువకులను పరిశీలించి ఇంకా కలవరపెట్టే విషయం చెప్పారు. పేద కుటుంబాల్లో పుట్టినా గొప్ప ఆత్మనిగ్రహంతో చదువుకుని, చెడు అలవాట్లకు దూరంగా వుండి, నిరాశకు లోనుగాకుండా పైకొచ్చినవాళ్ల కణాలు వయసుకు మించి ముసలివైనట్టు కనిపించాయి. బాగా బతికిన కుటుంబాల్లో పుట్టినవాళ్లకు అదే నిగ్రహం ఇలాంటి నష్టం చెయ్యలేదు. మనసు గెలిచినచోట కూడా శరీరం బాకీ కట్టింది.

పులివెందుల, జమ్మలమడుగు పల్లెల నుంచి హైదరాబాదుకో బెంగుళూరుకో వెళ్లి, తమ్ముళ్ల చదువు, అప్పుల వడ్డీ, తండ్రి బోరు ఖర్చు మొయ్యగలిగిన యువకుల కథలను మనం విజయగాథలుగా రాస్తున్నాం. వాటిని విషాదాంతం చెయ్యమని నేను అనడం లేదు. గెలిచినవాడి జమాఖర్చులో రెండో పేజీ కూడా రాయమంటున్నాను. అలాగే ఆత్మహత్యతో ముగిసే రైతు కథల గురించి కూడా ఒక మాట. చావు పాఠకుణ్ని కుదిపేస్తుంది గనుక రచయితకు అది తేలిక దారి అవుతోంది. చావు రాగానే అంతకుముందు పదేళ్లు జరిగిన అరుగుదల అంతా దాని వెనక దాక్కుంటుంది. జప్తు అనే రెవిన్యూ మాటను కథకు పేరుగా పెట్టిన కేతు విశ్వనాథరెడ్డి ఆ ధోరణికి ఎదురుదారి చూపించారు. ఆ మాట వినగానే సీమ రైతుకు ఒక కాగితం, ఒక అధికారి, ఒక గడువు గుర్తొస్తాయి. మనిషి బాధకు బయట పేరు, చిరునామా వున్నాయని ఆ శీర్షికే చెబుతుంది.

వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథ కూడా ఇక్కడ చెప్పుకోదగ్గది. ఆ పేరుతో వచ్చిన సంపుటికి 2012లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం లభించింది. శుక్రవారం నమాజు తప్పవద్దని కొడుకుకు ఎప్పుడూ చెప్పే తల్లి, హైదరాబాదులో మక్కా మసీదు పేలుడు తర్వాత అక్కడికి పోవద్దని చెబుతుంది. ఆ తల్లి స్వభావం మారలేదు, భక్తి తగ్గలేదు. ఎక్కడో జరిగిన రాజకీయ హింస వచ్చి ఒక ఇంట్లో, ఒక తల్లి నోటిమాటను తలకిందులు చేసింది. మనస్తత్వ కథ అంటే ఇదీ. భయం ఆమెలో పుట్టలేదు, ఆమెలోకి పంపబడింది. పల్లెటూరి బీద తల్లికి మనసు ఇవ్వడానికి షరీఫ్‌కు చైతన్య స్రవంతి అవసరం రాలేదు. భయం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసివుండడం చాలింది.

ఇక జమ్మలమడుగు. ఓర్పు గురించి మనస్తత్వశాస్త్రంలో ఒక ప్రసిద్ధ ప్రయోగం వుంది. వాల్టర్ మిషెల్ స్టాన్‌ఫర్డ్‌లో చిన్నపిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, కాసేపు ఆగితే రెండు ఇస్తామని చెప్పేవాడు. ఆగగలిగిన పిల్లలు తర్వాత జీవితంలో రాణించారని ఏళ్ల తరబడి ప్రచారం జరిగింది. మన వ్యక్తిత్వ వికాస ఉపన్యాసకులకు ఇది ప్రాణప్రదమైన కథ. 2018లో టైలర్ వాట్స్ బృందం ఎక్కువమంది పిల్లల మీద పరిశీలిస్తే, కుటుంబ పరిస్థితులను లెక్కలోకి తీసుకున్న తర్వాత ఆ సంబంధం చాలావరకు తగ్గిపోయింది. దానికి ముందే, 2013లో సెలెస్ట్ కిడ్ బృందం 28 మంది పిల్లలతో ఇంకో ప్రయోగం చేసింది. మంచి రంగులు తెచ్చిస్తామని ముందుగా మాటిచ్చారు. సగంమందికి తెచ్చిచ్చారు, సగంమందికి లేవని చెప్పారు. తర్వాత మిఠాయి పరీక్ష పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషి ముందు పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి ముందు 3 నిమిషాలే ఆగారు. ఆగడం, ఆగకపోవడం పిల్లల గుణం కాదు. అది ఎదుటివాడి నడవడికి వాళ్లిచ్చిన తీర్పు.

జమ్మలమడుగు ప్రాంతంలో ఉక్కు కర్మాగారం కథ తెలిసినవాళ్లకు ఈ ప్రయోగం కొత్తగా అనిపించదు. 2007లో బ్రహ్మణి స్టీల్స్‌కు పదివేల ఎకరాలకు పైగా భూమి కేటాయించి శంకుస్థాపన చేశారు. ఆ కర్మాగారం పూర్తి కాలేదు. 2014 రాష్ట్ర విభజన చట్టంలో కడప జిల్లాలో ఉక్కు కర్మాగారం ఏర్పాటు సాధ్యాసాధ్యాల పరిశీలన గురించి రాశారు. 2018 డిసెంబరులో మైలవరం మండలం కంబాలదిన్నెలో ఒక ముఖ్యమంత్రి పునాదిరాయి వేశారు. 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లెలో మరో ముఖ్యమంత్రి వేశారు. 2023 ఫిబ్రవరిలో జిందాల్ సంస్థ పేరుతో అదే ఊళ్లో మళ్లీ భూమిపూజ జరిగింది. పదహారేళ్లలో నాలుగు కొబ్బరికాయలు కొట్టారు. 2007లో పదోతరగతి చదువుతున్న కుర్రవాడు 2023కి ముప్పై దాటాడు. ఈ కాలంలో అక్కడి యువకులు ఎదురుచూశారు, ఎదురుచూడడం మానేశారు, మళ్లీ కొంచెం చూశారు. వాళ్లను చూసి కొందరు సోమరులంటారు, కొందరు ముఠాల వెంట తిరుగుతారంటారు, కొందరు ఆశ చావని మొండివాళ్లంటారు. మూడూ తప్పుడు పేర్లే. మాట తప్పిన మనిషి ముందు ఎంతసేపు ఆగాలో వాళ్లు లెక్క వేసుకుంటున్నారు. ఈ లెక్క తెలివైన లెక్క. నాలుగో పునాదిరాయి నాడు జనంలో నిలబడ్డ ముప్పయ్యేళ్లవాడి మనసును రాయగలిగిన కథకుడు మన కాలపు రాజకీయ చరిత్రలో ఒక అధ్యాయం రాసినట్టే.

పులివెందుల వైపు వెళితే ఈ ప్రశ్నకు ఇంకో ముఖం కనిపిస్తుంది. వేముల మండలం తుమ్మలపల్లె యురేనియం గనికీ శుద్ధి కర్మాగారానికీ 2006లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2007లో శంకుస్థాపన చేశారు. 2012లో పని మొదలైంది. తక్కువ పాలు యురేనియం వున్న కార్బొనేట్ రాళ్ల నుంచి క్షార పద్ధతిలో దాన్ని వేరుచెయ్యడం మన శాస్త్రజ్ఞుల సాంకేతిక విజయమే. దాన్ని తక్కువచేసి మాట్లాడనక్కర్లేదు. అయితే శుద్ధి చేశాక మిగిలిన వ్యర్థాలను నింపే చెరువు చుట్టుపక్కల, కొట్టాల వంటి ఊళ్ల రైతులు బోరునీళ్లు చెడిపోయాయని, అరటితోటలు ఎండుతున్నాయని ఫిర్యాదు చేశారు. చెరువు అడుగున వేసిన పొర సరిపోలేదన్న ప్రశ్న లేచింది. కాలుష్య నియంత్రణ మండలి నోటీసులిచ్చింది, నిపుణులు వచ్చి చూసి వెళ్లారు. యురేనియం కార్పొరేషన్ ఆరోపణలను ఖండించింది.

ఇలాంటి సందర్భాల కోసమే బాధ్యతాయుతమైన నవకల్పన అనే ఆలోచన బయల్దేరింది. 2013లో జాక్ స్టిల్గో, రిచర్డ్ ఓవెన్, ఫిల్ మెక్‌నాటెన్ దానికి నాలుగు లక్షణాలు చెప్పారు: ఏం జరగవచ్చో ముందే ఊహించడం, తన నమ్మకాలను తానే ప్రశ్నించుకోవడం, ప్రభావితులయ్యేవాళ్లను ఆలోచనలో కలుపుకోవడం, వాళ్లు చెప్పినదాన్నిబట్టి దారి మార్చుకోవడం. ఈ నాలుగింటిలో చివరిదే కీలకం. ఒక రోజు పందిరి వేసి, మైకు పెట్టి, అభిప్రాయాలు రాసుకుని వెళ్లడం వినడం కిందికి రాదు. విన్న తర్వాత ఏది మారిందో చూపించాలి. దారి మార్చుకోని సంస్థ తన ముందుచూపు బాధ్యతను కూడా పల్లెవాడికే అప్పజెబుతుంది. ఇక నీళ్లను అనుమానించవలసింది అతనే.

ఆ అనుమానానికీ వెల వుంది. 2016లో లండన్‌లో ఆర్చీ డి బెర్కర్ బృందం 45 మందితో చేసిన ప్రయోగంలో, తప్పకుండా షాక్ తగులుతుందని తెలిసినప్పటికన్నా తగులుతుందో లేదో సగం సగంగా వున్నప్పుడే మనుషుల్లో ఒత్తిడి ఎక్కువగా కనిపించింది. అరటిగెల ఎండింది తెగులు వల్లనా, ఉప్పునీళ్ల వల్లనా, చెరువు వల్లనా? బిడ్డ ఒంటిమీద దురద దేనివల్ల? అమ్మేసి పోదామా అంటే ఆ నేలను కొనేదెవరు? ఒక కాగితం ప్రమాదం లేదంటుంది, ఇంకో కాగితం పరీక్షించాలంటుంది. ఈ రెండు కాగితాల మధ్య బతికే మనిషి గుండెనిబ్బరాన్ని పొగడడం క్రూరత్వం. కథకుడు ఇక్కడ శాస్త్రజ్ఞుడి తీర్పు ఇవ్వనక్కరలేదు, నీళ్లలో ఏముందో తేల్చనక్కరలేదు. బిందె ముంచుతూ ఒక క్షణం ఆగే చెయ్యిని చూపిస్తే చాలు. ఆ క్షణాన్ని రోజుకు ఎన్నిసార్లు, ఎన్నేళ్లు చెల్లిస్తున్నారో పాఠకుడే లెక్కేసుకుంటాడు.

ఇప్పుడు న్యాయమైన ప్రశ్న ఒకటి వస్తుంది. లేమి మనసును తినేస్తుంది, ఓర్పు శరీరాన్ని తినేస్తుంది, అనిశ్చితి నిద్రను తినేస్తుంది. మరి మనుషులు ఎలా నిలబడ్డారు? పోరాటాలు ఎక్కడి నుంచి వచ్చాయి? హవాయిలోని కవాయి ద్వీపంలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాలపాటు గమనించింది. కష్టమైన పరిస్థితుల్లో పుట్టినవాళ్లలో సుమారు మూడో వంతు మంచి మనుషులుగా, సమర్థులుగా ఎదిగారు. వాళ్ల జీవితాల్లో మళ్లీ మళ్లీ కనిపించినది, తమను వదలకుండా పట్టించుకున్న ఒక పెద్దమనిషి — అవ్వ కావచ్చు, పంతులమ్మ కావచ్చు, పొరుగింటామె కావచ్చు. నిబ్బరం ఒక మనిషి గుండెలో దాచుకున్న నిధి కాదు. మనుషుల మధ్య వున్న ఏర్పాటు.

మన జిల్లా నవల 'కొండపొలం'ను ఈ వెలుగులో చదవాలి. 2019లో తానా బహుమతి పొంది, 2021లో సినిమాగా కూడా వచ్చిన ఈ నవలలో సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి, ఉద్యోగం దొరకని ఇంజనీరింగ్ పట్టభద్రుణ్ని కరువుకాలంలో గొర్రెల మందతో నల్లమలకు పంపిస్తారు. అడవి నుంచి అతను ధైర్యంతో తిరిగొస్తాడు. చాలామంది దీన్ని వ్యక్తిత్వ వికాస గ్రంథంలా చదివి, అడవికి వెళితే భయం పోతుందని సారం తీస్తున్నారు. నవల బలం అక్కడ లేదు. ఆ కుర్రవాడు ఒంటరిగా వెళ్లలేదు. పెద్దవాళ్ల గుంపుతో వెళ్లాడు. వాళ్లకు దారి తెలుసు, నీటిచోటు తెలుసు, రాత్రి కాపలా ఎవరిదో తెలుసు. ఒకరు మేలుకుంటే మిగిలినవాళ్లు నిద్రపోగలరు. కాపలా వంతులు వేసుకోవడమే అక్కడ ధైర్యానికి మూలం. అందరూ కలిసి మోసినప్పుడు ఒక్కొక్కడి మనసులో కొంత చోటు ఖాళీ అవుతుంది, ఆ ఖాళీలోకి ధైర్యం వస్తుంది. సంఘమంటే ఇదే. నేతగాళ్ల సంఘమైనా, రైతు సంఘమైనా, నీళ్ల కోసం నిలదీసే పల్లె అయినా చేసే మొదటి పని మనసు మీద పన్ను తగ్గించడమే. పిడికిలి ఆ తర్వాత బిగుస్తుంది. మన పోరాట కథలు చాలావాటిలో పిడికిలి ముందే బిగుసుకుపోయి వస్తుంది గనుకనే అవి నమ్మకం కలిగించలేకపోతున్నాయి.

అలెగ్జాండర్ లూరియా 1931, 1932లలో ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో తిరిగి, మనిషి ఆలోచించే తీరు అతని పనితో, చదువుతో, సామూహిక జీవితంతో మారుతుందని చెప్పాడు. ఆ పరిశీలన పుస్తకంగా రావడానికి నలభై ఏళ్లు పట్టింది. మనసుకు చరిత్ర వుందన్న మాట అటువైపువాళ్లకూ ఇటువైపువాళ్లకూ ఇబ్బందిగానే వుంటుంది. రచయితకు మాత్రం అది పనిముట్టు. చరిత్ర వున్నది మారగలదు కూడా.

కాబట్టి యువ కథకులకు నేను చెప్పదలచుకున్నది చిన్న విషయం. మీ రైతు ఓర్చుకున్నాడని రాశారా, ఆ వాక్యం దగ్గర ఆగండి. ఎంతకాలం ఓర్చుకున్నాడు, దేనితో చెల్లించాడు, ఆ చెల్లింపు ఎవరి పెట్టెలో పడింది, అతని పక్కన ఎవరున్నారు — ఈ నాలుగు ప్రశ్నలకు మీకు జవాబు తెలిసి వుండాలి. తెలిస్తే, ఓర్చుకున్నాడన్న మాట కొట్టేసినా కథలో ఓర్పు వుంటుంది. తెలియకపోతే ఆ మాట రాయకండి. అది మీరు అతనికిచ్చిన గౌరవం అనుకుంటారు గాని, అతని బాకీ పత్రం మీద సాక్షి సంతకం అవుతుంది.